చెరువు కట్టకు పైన రంగులు, లోపల కోత

చెరువుకు అలలేమిటని నవ్వేవాళ్లు ఉన్నారు. సముద్రానికి అలలు, చెరువుకు మత్తడి అని వాళ్ల లెక్క. అలా నవ్వేవాళ్లలో ఆయకట్టు రైతు ఒక్కడూ ఉండడు. శ్రావణ, భాద్రపదాల్లో చెరువు నిండి, పడమటి గాలి లేచిన రోజున కట్ట మీద కాసేపు నిలబడినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. నీళ్లు వచ్చి కొట్టిన ప్రతిసారీ కట్ట మట్టి కరిగి వెనక్కి పోతుంటుంది. చెరువు నడుమ నీళ్లు ఒక రంగులో ఉంటే కట్ట వెంబడి నీళ్లు ఎర్రగా ఉంటాయి. ఆ ఎరుపు మన కట్టదే. మన తాతలు తట్టలతో మోసి పోసిన మట్టి మన కళ్ల ముందే చెరువులో కలిసిపోతోంది.

ఈ పదేళ్లలో చెరువు మాట రాని సభ లేదు, చెరువు బొమ్మ లేని ఫ్లెక్సీ లేదు. అయినా కట్టకు నీళ్ల వైపు ఏం జరుగుతున్నదో వంగి చూసిన పాలకుడు కనబడలేదు. కట్ట మీద రోడ్డు వేశారు, దీపాలు పెట్టారు, కొన్నిచోట్ల బెంచీలు వేసి రంగులు పూశారు. లోపలి వాలు మాత్రం ఎవరికీ పట్టలేదు. నేను రాసేది ఆ లోపలి వైపు గురించే.

అల పని తీరు ముందు తెలుసుకోవాలి. నీళ్ల మట్టం ఎక్కడ నిలబడితే అక్కడే కొరుకుతుంది. మొదట ఒక గాడి పడుతుంది. గాడి లోతయ్యాక పైనున్న మట్టికి కింద ఆధారం పోయి, పెళ్లలు పెళ్లలుగా విరిగి నీళ్లలో పడుతుంది. పడిన మట్టిని అలలే మళ్లీ లోపలికి ఈడ్చుకుపోతాయి. వాలుగా ఉండాల్సిన కట్ట గోడలా నిలువుగా తయారవుతుంది. ఒకప్పుడు ఎడ్లబండి పోయిన కట్ట మీద తర్వాత సైకిల్ పోతుంది, ఆ తర్వాత మనిషి పోతాడు, చివరికి మేకలు పోతాయి.

పోయింది బండి బాట ఒక్కటే అయితే ఇంత బాధ లేదు. కట్ట సన్నబడితే నీళ్లు లోపలి నుంచి అవతలికి ఊరడానికి ఉన్న దూరం తగ్గుతుంది. ఊట పెరుగుతుంది. ఇటు ఎండ్రికాయ బొరియ, అటు ఎలుక బొరియ ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఇక మత్తడి నిండుగా దుంకే రాత్రి, నీళ్లు కట్ట అంచుకు జానెడు దూరంలో ఉన్నప్పుడు, గాలి తోడైందంటే అల కట్ట మీదుగా అవతలికి చిమ్ముతుంది. అవతలి వాలు నానుతుంది, జారుతుంది. తెల్లారేసరికి గండి. మర్నాడు పేపర్లో భారీ వర్షానికి చెరువు తెగిందని వస్తుంది. నెపం వాన మీద పెడితే ఎవరి మీదా కేసు ఉండదు, ఎవరి జీతమూ ఆగదు.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో ఖమ్మం, మహబూబాబాద్ జిల్లాల్లో వచ్చిన వరద, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కంకర మొత్తం కొట్టుకుపోయిన తీరు మనమెవరం మరచిపోలేదు. అంతటి వానకు గట్టి కట్టలు కూడా ఆగకపోవచ్చు. ఆనాడు తెగిన చెరువులన్నీ అలల వల్లే తెగాయని నేను అనడం లేదు. కానీ ఎక్కడ చూసినా ఒకే వాన కురిసిన ఊళ్లలో ఒక చెరువు తెగుతుంది, ఇంకొకటి నిలుస్తుంది. నిలిచినదాని లోపలి వాలు చూడండి, తెగినదాని మిగిలిన ముక్క చూడండి. ఏళ్ల తరబడి అల తిని వదిలిన కట్టకు వరద ఆఖరి దెబ్బ మాత్రమే వేస్తుంది. మనవి గొలుసుకట్టు చెరువులు. పైది తెగితే దాని నీళ్లన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి. కాబట్టి పక్క ఊరి కట్ట సంగతి మనకెందుకని ఊరుకునే వీలు కూడా లేదు.

మన తెలంగాణ భూమి వాటంలోనే ఒక చిక్కు ఉంది. నేల మొత్తం మీద పడమర ఎత్తు, తూర్పు పల్లం. గోదావరి, కృష్ణ అటే పారతాయి. వాగుకు అడ్డంగా కట్ట పోశారు కాబట్టి చాలా చెరువులకు కట్ట తూర్పునో ఆగ్నేయానో ఉంటుంది, నీళ్లు దానికి పడమర పరుచుకుని ఉంటాయి. వానాకాలమంతా గాలి వీచేది నైరుతి నుంచి, పడమర నుంచి. అంటే చెరువు నిండే కాలంలోనే, చెరువు పొడవునా పరుగెత్తుకొచ్చిన గాలి సరిగ్గా కట్ట మీదికే అలలను తోస్తుంది. తుపాను రోజుల్లో గాలి తిరగబడి తూర్పు నుంచి, ఈశాన్యం నుంచి కొడితే అప్పుడు శిఖం వైపు పట్టా భూముల గట్లు కోసుకుపోతాయి. ఏ ఎస్టిమేట్‌లోనైనా గాలి ఏ దిక్కు నుంచి వస్తుందో, దానికి ఎదురుగా ఎంత దూరం నీళ్లున్నాయో రాశారా? ఇంజనీర్లకు ఇది తెలియని విద్య కాదు. వాళ్ల పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. గాలికి ఎదురులేకుండా నీళ్లు ఎంత పొడవు ఉంటే అల అంత పెద్దది. రెండు కిలోమీటర్ల నీళ్ల మీద గంటకు 80 కిలోమీటర్ల గాలి వీస్తే, ఆనకట్టల లెక్కల్లో వాళ్లు వాడే సూత్రం ప్రకారం అల ఎత్తు సుమారు 85 సెంటీమీటర్లు. మూడడుగులకు కొంచెం తక్కువ. అలాంటి అలలు నిమిషానికి ఇరవై వచ్చాయనుకున్నా ఒక పగలూ రాత్రీ కలిపి 28,800 దెబ్బలు. మట్టి కట్ట ఎన్ని రోజులు తట్టుకుంటుందో మీరే చెప్పండి.

ఇంకా నమ్మకం కుదరనివాళ్లకు అమెరికా సంగతి ఒకటి చెప్తాను. ఫ్లోరిడాలో ఓకీచోబీ అని మంచినీటి సరస్సు ఉంది. 1928 సెప్టెంబరులో వచ్చిన పెనుగాలికి ఆ సరస్సు నీళ్లు ఒక పక్కకు ఎగదోసుకొచ్చి, చుట్టూ పోసిన తక్కువ ఎత్తు మట్టి కట్టను తెంచేశాయి. రెండున్నర వేల మందికి తక్కువ కాకుండా చచ్చిపోయారు. అందులో ఎక్కువమంది పొలాల్లో కూలికి వచ్చిన నల్లజాతివాళ్లు. అంతమంది పోయాక గానీ అక్కడి కేంద్ర ప్రభుత్వం పెద్ద కట్ట కట్టలేదు. మన చెరువులు అంత పెద్దవి కావు, నిజమే. మన కట్టలూ అంత పెద్దవి కావు. కట్ట కింద ఇళ్లున్నాయి, పొలాలున్నాయి, పొలాల్లో పనిచేసే మనుషులు అక్కడా ఇక్కడా ఒకటే.

పాత కాలం వాళ్లకు ఈ విషయం తెలుసు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. మంచి చెరువుకు కావాల్సినవి పన్నెండు అని ఆ శాసనంలో చెక్కించారు. అందులో గట్టి రాతి కట్టడం ఒకటి, పొడవాటి రాయి దొరికే గని దగ్గరలో ఉండడం ఒకటి, పని తెలిసిన మనుషులు ఒకటి. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు రెండేళ్లపాటు పనిచేశాయట. ఆ వంద బండ్లు ఎందుకు? మట్టితో ఆగిపోతే సరిపోదని తెలుసు కాబట్టే. తర్వాతి కాలంలో రాయలసీమలో దశబంధం ఇనాములని, మన నైజాం ఇలాకాలో దస్తుబందని, చెరువు బాగోగులు చూసేవాళ్లకు భూమి ఇచ్చే పద్ధతులు ఉండేవి. ఊళ్లో నీరటి ఉండేవాడు. జారిన రాయిని జారిన రోజే పైకి తోసేవాడు. ఆ రాజులేమీ మన చుట్టాలు కారు, పన్నులు పిండుకోవడానికే కట్టించారు. కానీ పన్ను రావాలంటే కట్ట నిలవాలనే తెలివి వాళ్లకు ఉంది. నీరటి పోయాడు. అతని స్థానంలో వచ్చింది మూడేళ్లకోసారి టెండరు. 1997లో నీటి వినియోగదారుల సంఘాల చట్టం తెచ్చి రైతు చేతికే చెరువు ఇస్తామన్నారు. ఆ సంఘం పేరు మీద మీ ఊళ్లో ఇవాళ పారపట్టే మనిషి ఎవరైనా ఉన్నాడా?

ఒక్క మాట అడుగుతాను. మల్లన్నసాగర్, కొండపోచమ్మసాగర్ లాంటి పెద్ద రిజర్వాయర్లకు కిలోమీటర్ల కొద్దీ మట్టి కట్టలు పోశారు. వాటి లోపలి వాలు మీద రాళ్లు పరిచారు కదా, ఎందుకు? అలల కోసం. అక్కడ డిజైనులోనే అల ఉంది, రాయి ఉంది, దానికి డబ్బు ఉంది. ఊరి చెరువు దగ్గరికి వచ్చేసరికి అదే శాఖకు అల కనిపించదు. పెద్ద కాంట్రాక్టరు కట్టిన కట్టకు తగిలే అల వేరు, చిన్న రైతు బతికే కట్టకు తగిలే అల వేరునా?

మిషన్ కాకతీయ గురించి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. 2015 మార్చిలో అప్పటి నిజామాబాద్ జిల్లా సదాశివనగర్‌లో మొదలుపెట్టారు. 46,531 చెరువులు, ఏటా ఐదో వంతు చొప్పున ఐదేళ్లలో బాగుచేస్తామన్నారు. పూడిక మట్టి పొలాలకు చేరింది, మేలు జరిగింది. నేనూ తోలుకున్నాను, ఆ మట్టి పడిన మడిలో పంట తేడా కళ్లారా చూశాను. అయితే పూడిక ఎక్కడ తీయాలన్నదాంట్లో చాలాచోట్ల అన్యాయం జరిగింది. ట్రాక్టరుకు దూరం తగ్గాలి, డీజిల్ మిగలాలి. అందుకని కట్ట పక్కనే, లోపలి వైపు కాలి దగ్గరే పొక్లెయినర్ దింపి నిలువు గోతులు తవ్వారు. దీనివల్ల ఏమైంది? ఇదివరకు కట్ట ముందు మెట్టలా మేట వేసిన మట్టి ఉండేది. అల దాని మీదికి రాగానే నేల తగిలి, విరిగి, బలం చచ్చి కట్టకు చేరేది. ఇప్పుడు కట్ట పాదం దాకా లోతు నీళ్లు. అల ఎక్కడా విరగకుండా ఉన్న బలమంతా తెచ్చి కట్ట మీద కొడుతోంది. కట్ట బలోపేతం పేరుతో చేసిన పనే కట్ట బలం తీసింది. దీనికి తోడు శుభ్రం చేస్తున్నామని కట్ట వెంబడి ఉన్న తుంగ, జమ్ము మొత్తం గీకేశారు. అది చెత్త కాదు, కట్టకు కంచె.

మినీ ట్యాంక్‌బండ్ల ముచ్చట ఇంకోటి. నియోజకవర్గానికి ఒకటన్నారు. కొన్నిచోట్ల వాలు తీసేసి నిలువు సిమెంటు గోడలు లేపారు. నిలువు గోడకు కొట్టిన అల చావదు, ఎదురు తిరుగుతుంది. తిరిగి పోతూ గోడ పాదం కింద మట్టిని తోడుకుపోతుంది. గోడ అయిపోయిన చోట, పక్కనున్న మట్టి కట్టను రెట్టింపు తింటుంది. వాకింగ్ చేసేవాళ్లకు బాగుంటుంది, కాదనను. వాళ్ల మీద నాకు కోపమూ లేదు.

మా ఊరి చెరువు సంగతి. కట్టకు పాత కాలపు రివిట్‌మెంట్ ఉండేది, సగం జారినా సగం ఉండేది. కట్ట మీద మట్టి పోయడానికి అడ్డమని ఆ రాళ్లన్నీ మిషన్‌తో పీకి కుప్ప పెట్టారు. పాత రాయే తిరిగి పరుస్తామని ఎస్టిమేట్‌లో రాసుకున్నారు. మట్టి పోశారు, రోలర్ తిప్పారు, బిల్లు అయింది. రాయి కుప్ప ఒక రాత్రికి చిక్కింది, వారానికి మాయమైంది. అడిగితే రెండో విడతలో అన్నారు. రెండో విడత ఇంతవరకు రాలేదు. మూడు వానాకాలాలు తిరిగేసరికి కొత్తగా పోసిన మట్టి లోపలి అంచు మోకాలెత్తున విరిగి నిలువుగా నిలబడింది. కాంట్రాక్టరు పేరు ఇక్కడ రాయను, ఒక్కడి పేరు రాస్తే మిగతావాళ్లు మంచివాళ్లయిపోతారు. ఇది చదువుతున్న మీలో ఎంతమంది ఊళ్లలో ఇదే జరిగిందో మీకు తెలుసు.

మరి ఏం చేయాలి? అలను కట్టకు చేరకముందే చంపాలి, చేరిన అలను రాయి మీద చంపాలి. రెండూ కావాలి.

రేవుల్లో బ్రేక్‌వాటర్ అంటారు. అల వచ్చే దారిలో అడ్డంగా రాళ్లు పోసి దాని నడుం విరగ్గొట్టడం. విశాఖ రేవు కట్టిన రోజుల్లో రెండు పాత ఓడలను ముంచి అలలకు అడ్డం పెట్టారు. మనకు ఓడలు అక్కర్లేదు. పెద్ద చెరువుల్లో, గాలి నేరుగా కొట్టే చోట, కట్టకు పది పదిహేను మీటర్ల ముందు కట్టకు సమానంగా రాళ్ల వరస ఒకటి వేస్తే చాలు. దాని తల నిండు మట్టానికి సరిగ్గా ఉంటే సరిపోతుంది. పూర్తిగా ఆపనక్కర్లేదు కూడా. అల బలం దాని ఎత్తును రెండుసార్లు హెచ్చించిన లెక్కన పోతుంది. ఎత్తు సగమైతే బలం నాలుగో వంతే. ఆ రాళ్లకూ కట్టకూ నడుమ నీళ్లు నెమ్మదిస్తాయి, నెమ్మదించిన చోట ఒండ్రు దిగుతుంది, ఒండ్రులో తుంగ దానంతటదే మొలుస్తుంది. ఐదారేళ్లు కదిలించకపోతే రాయి చేసే పనిలో సగం గడ్డే చేస్తుంది.

చెరువు నీళ్లు ఒకే మట్టంలో ఉండవు, నిండు మట్టానికి కట్టిన రాళ్లు మట్టం దిగాక పనికిరావు కదా అని ఒక ఇంజనీరు గారు మీటింగులో అన్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ప్రమాదం ఎప్పుడు? చెరువు నిండినప్పుడు. యాసంగికి మట్టం దిగేసరికి కట్ట ముందు నీళ్లు తక్కువ, గాలీ తక్కువ. ఆ కింది వాలుకు రివిట్‌మెంట్ ఉంటే చాలు. మట్టంతో పాటు దిగే అడ్డు కావాలంటే వెదురు కట్టలో తాటి మొద్దులో కలిపి బిగించి, లంగరు రాళ్లు కట్టి నీళ్ల మీద తేల్చవచ్చు. కాకపోతే లంగరు తెగితే ఆ మొద్దులు వరదలో కొట్టుకొచ్చి మత్తడికి అడ్డం పడతాయి. మత్తడి మూసుకుపోయిందంటే చెరువు చంపినట్టే. అందుకని మత్తడి దగ్గరా తూము దగ్గరా ఇలాంటిదేదీ పెట్టకూడదు, గట్టిగా చూసుకునే మనిషి లేని ఊళ్లో అసలు పెట్టకూడదు. చిన్న కుంటలకు ఇవేమీ అవసరం లేదు. నాలుగెకరాల కుంటలో బ్రేక్‌వాటర్ కట్టామని ఎవడైనా బిల్లు పెడితే వాణ్ని పట్టుకోండి. కుంటకు గడ్డి చాలు. కొల్లేరు చుట్టూ, కైకలూరు, ఆకివీడు వైపు పెద్ద పెద్ద చేపల చెరువులున్న రైతుల్ని అడిగితే గాలికి ఎదురుగా ఉన్న గట్టు ఎలా అరుగుతుందో, గట్టు మీద గడ్డి పెంచినవాడికి ఏం మిగులుతుందో లెక్కతో సహా చెప్తారు.

రివిట్‌మెంట్ అంటే రాళ్లు గుమ్మరించడం కాదు. కింద అరడుగు మందాన కంకర పరవాలి, దాని మీద అడుగు మందాన రాయిని చేత్తో సర్ది నిలపాలి, పాదం దగ్గర పెద్ద రాయితో తన్ను కట్టాలి. కంకర లేకుండా మట్టి మీదే రాయి వేస్తే అల వెనక్కి పోయేటప్పుడు సందుల్లోంచి మట్టిని పీల్చుకుపోతుంది. పైన రాయి చక్కగా కనబడుతూనే ఉంటుంది, కింద బోలు. కంకర పైకి కనబడదు కాబట్టే దాన్ని మింగడం సులువు. రాళ్ల సందుల్లో సిమెంటు పూయించేవాళ్లు ఇంకొకరు. తూము తీసి నీళ్లు గబగబా దిగినప్పుడు కట్టలో నానిన నీరు బయటికి రావడానికి దారి కావాలి. సిమెంటు పూస్తే దారి ఉండదు. లోపలి నీరు తోసి రాతి పరుపు బొజ్జలా ఉబ్బుతుంది, ఓ రోజు ఊడి జారుతుంది. సిమెంటు చూసి గట్టి పని అనుకుని మనమే మెచ్చుకుంటున్నాం.

కట్ట మీద చెట్లు పెట్టే హరిత కార్యక్రమాల గురించి కూడా రెండు మాటలు. పెద్ద చెట్టు వేరు కట్టలోకి దిగి, చెట్టు చచ్చాక వేరు కుళ్లి సొరంగమవుతుంది. సర్కారు తుమ్మ మరీ చెడ్డది. వాలుకు గడ్డి, నీళ్ల అంచున తుంగ, జమ్ము. జమ్ము చెరువంతా కమ్ముకుంటుందని భయం ఉంది, అది నిజం. అందుకే కట్ట ముందు పది పదిహేను మీటర్ల పట్టీ ఉంచి మిగతాది ఎండాకాలంలో కోయించాలి. కోసేటప్పుడు చేపలు పట్టే ముదిరాజ్, గంగపుత్ర సోదరులతో కూర్చుని వాళ్ల వలలకు, తెప్పలకు ఎక్కడ దారి కావాలో అడగాలి. గొడ్లు దిగే రేవు దగ్గర సందు వదలాలి. వాళ్లను కాదని గీసిన ప్లాను మొదటి వానకే ఊళ్లో తగాదా అవుతుంది.

నాకున్న పెద్ద భయం వేరే. పట్టణాల పక్క చెరువుల్లో ఈ రాళ్ల వరస వేయగానే రియల్ ఎస్టేటు వాళ్లు దాన్నే కొత్త గట్టు అంటారు. నడుమ ఉన్న పది మీటర్లలో మట్టి పోస్తారు, తర్వాత రోడ్డు అంటారు, తర్వాత సర్వే నంబరు పుడుతుంది. శిఖం వైపు వేసిన రాళ్లకైతే ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అందుకని ఎఫ్‌టీఎల్ హద్దు రాళ్లు ముందు పాతాలి, ఆ తర్వాతే అలల అడ్డు. హద్దు వేయకుండా చేసే ఏ పనినీ మన సంఘం ఒప్పుకోకూడదు.

డబ్బు లేదంటారు. కట్ట మీద లైట్లకు ఉంది, ప్రారంభోత్సవానికి శిలాఫలకానికి ఉంది. గండి పడ్డాక ఇసుక బస్తాలు, పొక్లెయినర్లు, పంట నష్టం సర్వేలు, మంత్రుల పర్యటనలు, వీటన్నిటికీ ఉంది. కట్ట తెగిన ఏడాది ఆయకట్టు రైతు పోగొట్టుకునేది ఒక పంట కాదు. మడుల్లో ఇసుక మేట తీయడానికి ఇంకో ఏడాది, చెరువు నిండక ఆ తర్వాత ఏడాది. కౌలు రైతుకు ఆ నష్టపరిహారం కూడా అందదు, కాగితం పట్టాదారు పేరు మీద ఉంటుంది కాబట్టి. రాయి మన గుట్టల్లో ఉంది, రాయి కొట్టే వడ్డెరలు పని లేక వలస పోతున్నారు. చేత్తో సర్దే పనిని మిషన్‌కు ఇవ్వకుండా వాళ్ల సొసైటీలకే ఇవ్వమని అడుగుదాం. గడ్డి నాటడం, జమ్ము కోయడం కూలీల పనిగా ఏటా పెట్టించవచ్చు.

మన డిమాండ్లు సూటిగా ఉండాలి. ప్రతి చెరువు ఎస్టిమేట్‌లో లోపలి వాలుకు వేరే పద్దు ఉండాలి. గాలి దిక్కు, నీళ్ల పొడవు, అల ఎత్తు రాసి ఏఈ సంతకం చేయాలి. కట్ట పాదం నుంచి ఎంత దూరం దాకా పూడిక తీయకూడదో బోర్డు రాసి చెరువు దగ్గరే పెట్టాలి. పీకిన పాత రాయి ఎన్ని ఘనమీటర్లో కొలిచి గ్రామసభలో చదవాలి, తిరిగి పరిచాక మళ్లీ చదవాలి. కంకర పరిచిన రోజున, పైన రాయి పడకముందు, ఊరివాళ్ల ఎదుట కొలవకుండా బిల్లు చేయకూడదు. ఊరికో నీరటిని జీతం మీద పెట్టాలి. ఈ ఆఖరిది అడిగితే నవ్వుతారు. అడుగుతూనే ఉందాం.

ఇది వేసవి సంచిక. మట్టం దిగి లోపలి వాలు బయటపడేది ఇప్పుడే. ఊరి కమిటీ వాళ్లు నలుగురు కలిసి, పొడవాటి టేపు పట్టుకుని కట్ట ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవండి. రివిట్‌మెంట్ ఎన్ని మీటర్లు ఉంది, ఎన్ని మీటర్లు జారింది, ఎక్కడ నిలువుగా విరిగింది, కట్ట తల వెడల్పు ఎక్కడ ఎంత ఉంది, కట్ట పాదం దగ్గర పాత గోతులు ఎన్ని ఉన్నాయి అన్నీ రాసుకోండి. తూమును గుర్తుగా పెట్టుకుని దూరాలు రాస్తే తర్వాత ఎవరూ కాదనలేరు. ఫోన్లో ఫోటోలు తీయండి, కొలత కనబడేలా పక్కన ఒక మనిషిని నిలబెట్టండి. రెండు కాపీలు చేసి ఒకటి నీటిపారుదల శాఖ ఏఈ ఆఫీసులో ఇచ్చి తారీఖు, ముద్ర వేయించుకోండి. రెండోది మృగశిర కార్తెలోగా మన మండల కమిటీకి అందించండి.